సబ్బునీళ్లలో పేజీ

“మళ్లీ వచ్చింది మీ స్నేహితుడి కథ,” అంది భార్య, గుమ్మంలోంచి పాల ప్యాకెట్ తెస్తూ.

రచయితకి ఒళ్లు మండింది. లాక్‌డౌన్‌తో పుస్తకాల షాపులన్నీ మూతపడితే, పక్క వీధి రచయిత తన కొత్త నవలని రోజుకో పేజీ చొప్పున పాల ప్యాకెట్లకి రబ్బరు బ్యాండేసి ఇంటింటికీ పంపుతున్నాడు. ఈయన నవల కాపీలేమో మంచం కింద అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయి.

“వాడు స్నేహితుడేంటి? సిగ్గులేని మనిషి! పాలతో పాటు కథలు పంచుతారా ఎవరైనా?”

“వీధి వీధంతా చదువుతోందిట. పుస్తకం మొత్తం కావాలని ఒకటే ఫోన్లట.”

“చదవనీ. ఆ చెత్త నా కంటపడనివ్వకు.”

“సరే,” అని ఆవిడ ప్యాకెట్‌ని కాగితంతో సహా సబ్బునీళ్లలో ముంచేసింది.

“అయ్యయ్యో, ఆగు!” ఒక్క గెంతులో వచ్చి ఆయన కాగితం లాగాడు. అప్పటికే సిరా కారిపోయి అక్షరాలన్నీ అలికినట్టయిపోయాయి.

ఆవిడ నోరెళ్లబెట్టి చూస్తోంది. ఆయన కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఫోన్ తీసి, ఏడాదిగా మాట్లాడని ఆ పక్క వీధి రచయితకి చేశాడు.

“నేనే,” అన్నాడు గొంతు సవరించుకుని. “నిన్నటి పేజీలో ఆ పిల్లని తలుపు ముందు నిలబెట్టి ఆపేశావు. ఇంతకీ తీసిందా, లేదా?”