కూర్చున్న ఎత్తు

"ఎవరు తోసేరు? బోలో!"

కోచ్ రామ్‌ప్రసాద్ కేక సైకిల్ ట్రాక్ అంతా మోగింది.

గ్యాలరీ వెనక మెట్ల కింద ఒక కొత్త మనిషి పడి ఉన్నాడు. తల పగిలింది. కళ్ళజోడు ముక్కలైంది. నలుగురు ఎత్తి జీపులో పడుకోబెట్టారు.

అసిరయ్య గుంపు వెనక్కి జరిగాడు. ఒక చేత్తో కొడుకు కన్నబాబు మణికట్టు పట్టుకున్నాడు. రెండో చెయ్యి జేబులో ఉంది. ఆ జేబులో కొలత టేపు ఉంది.

"నోరిప్పకు," గొణిగాడు.

తండ్రీకొడుకులు ఈ దీవుల్లోనే దూరంగా ఉన్న రంగత్ నుంచి బస్సెక్కి వచ్చారు. స్పోర్ట్స్ హాస్టల్లో ఒకటే సీటు. పద్నాలుగు దాటితే తీసుకోరు. కన్నబాబుకి ఇదే ఆఖరి ఏడు.

పందెంలో ఐదోవాడిగా వచ్చాడు. ముందొచ్చిన నలుగురికీ నూనూగు మీసాలు. కన్నబాబు వాళ్ళ భుజాల దాకా కూడా లేడు.

"ఏం చోటూ, పాలు తాగొచ్చేవా?" అని నవ్వాడు గెలిచినవాడు.

ఆ తర్వాతే కొత్త మనిషి కన్నబాబుని మెట్ల దగ్గరికి పిలిచాడు.

"గొంతు మారిందా బాబూ?"

"లేదు సార్," సన్నగా అన్నాడు.

"పోయినేటి చెప్పులు పడుతున్నాయా?"

"ఇరుకైపోనాయి సార్."

ఆయన మొహం వెలిగింది. ఫోన్లో ఎవరితోనో ఒక్క ముక్క మాట్లాడాడు. పిల్లాణ్ణి మెట్టు మీద నిటారుగా కూర్చోబెట్టి, టేపు తీసి నడినెత్తి దాకా కొలిచాడు.

సరిగ్గా అప్పుడే అసిరయ్య వచ్చాడు.

బిడ్డని కొలిస్తే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుందని అతని భార్య కామమ్మ భయం. బళ్ళో కూడా కొలవనివ్వలేదు.

"ఎవుడివి నువ్వు? అసలే ఎదగని బిడ్డ! కొలిచి ఆపేస్తావేటి?"

టేపు లాక్కుని ఒక్క తోపు తోశాడు.

ఇప్పుడు జీపు వెళ్ళిపోయింది. కాసేపటికి రామ్‌ప్రసాద్ ఫోను మోగింది. విని, పాలిపోయిన మొహంతో గుంపు దగ్గరికి వచ్చాడు.

"స్పృహ లేదంట. పేరు పంపడానికి ఇవాళే ఆఖరు, ఫస్టొచ్చినోడి పేరే పైకి పంపించేసేరు."

"ఆయనెవులు భయ్యా?" అసిరయ్య నోరు జారింది.

"మెయిన్‌ల్యాండ్ నుంచొచ్చిన సెలెక్టరు. ముందే మీసాలొచ్చినోళ్ళు ఆయనకి అక్కర్లేదు. ఆలస్యంగా ఎదిగేవాడి కోసమే వచ్చేడు. కాళ్ళు ముందు పెరుగుతాయంట, నడుం తర్వాత. కూర్చోబెట్టి కొలిస్తే ఎదుగుదల ఎంత మిగిలుందో తెలిసిపోద్దంట. 'దొరికేడు, కొలిచి వస్తాను, సీటు వాడికే' అని నాకు ఫోన్ చేసేడు. పేరు చెప్పనే లేదు."

రామ్‌ప్రసాద్ గుంపులో ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాడు.

"ఆ పిల్లాడి నోటికాడ కూడు కొట్టినోడెవడ్రా?"

కన్నబాబు మణికట్టు మీద అసిరయ్య పట్టు దానంతటదే వదులైంది.

"మా నాన్న," అన్నాడు కన్నబాబు, మొదటిసారి బొంగురుపోయిన గొంతుతో.