తలల లెక్క

"ఇక్కడ నువ్వు చచ్చిపోవాలి మామ్మా! అప్పుడే కదా నేను ఏడ్చేది!" మారిసోల్ అరిచింది.

ఎడ్నా మామ్మ నాలుక కరుచుకుని గబగబా కుర్చీలో వాలిపోయింది.

క్లాసంతా గొల్లున నవ్వింది. మారిసోల్‌కి నిజంగానే ఏడుపొచ్చింది.

పొద్దున్నే ఫ్రెస్నో శివార్లలోని కమలాపళ్ళ షెడ్డులో పెట్టెలు కట్టి, మధ్యాహ్నం ఈ చిన్న కాలేజీలో నాటకం చదువుకుంటోంది. ఇక్కడి రెండేళ్ళూ గట్టెక్కితే లాస్ ఏంజిలస్‌లోని పెద్ద యూనివర్సిటీ నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకుంటుంది. సీటు ఖాయమైంది. మిగిలింది ఈ ఒక్క నటన క్లాసే.

అందులో ఆమెకు జతగా పడింది, ఈ వయసులో విద్యార్థిగా పేరు రాయించుకున్న ఈ మామ్మ.

మాటలు గుర్తుండవు. కూర్చుంటే కునుకు. ఒక్క పని మాత్రం మరిచిపోదు. లోపలికి రాగానే వేలు చూపిస్తూ అందరి తలలూ లెక్కపెడుతుంది.

"ఏం మామ్మా, గొర్రెలన్నీ దొడ్లోకి చేరాయా?" అని కుర్రకారు ఆటపట్టిస్తారు.

"చేరాయి నాయనా" అని నవ్వుతుంది.

పాఠం చెప్పే హాలరన్ మేడమ్ మాత్రం ఆమెను పల్లెత్తు మాట అనదు.

ఆ రోజు అందరూ సంచులు సర్దుకుంటుంటే మారిసోల్ ఉండబట్టలేకపోయింది.

"నీకిది కాలక్షేపం మామ్మా. నాకు బతుకు. నీకు దణ్ణం పెడతా, మానెయ్."

"నేనుండాలి తల్లీ."

"ఎందుకూ? నువ్వు లేకపోతే క్లాసు ఆగిపోతుందా?"

మామ్మ వేలు పైకెత్తింది. మళ్ళీ ఒకసారి తలలు లెక్కపెట్టింది.

అక్కతో కలిసి ఇంటికి వెళ్దామని వచ్చిన మారిసోల్ చెల్లెలు డూల్సే, వెనక వరసలో గింజలు నములుతూ కూర్చుని ఉంది.

"కొత్తమ్మాయి చేరిందే!" మామ్మ మొహం విప్పారింది. "అయితే నేను పోవచ్చు. బాగా చదువుకో తల్లీ."

మారిసోల్ ఆ మాట పట్టించుకోలేదు. పీడ వదిలిందనుకుంది.

తర్వాతి క్లాసుకు వెళ్తే గదికి తాళం. బయట పొగమంచులో హాలరన్ మేడమ్ తన సామాను కారులో పెట్టుకుంటోంది.

"క్లాసు ఎత్తేశారు మారిసోల్. ఉండాల్సినంతమంది లేరట. ఒక్కరు తగ్గారు."

"ఎడ్నా మామ్మను తీసుకొస్తా మేడమ్! కాళ్ళయినా పట్టుకుంటా!"

"చేరే గడువు నిన్నటితో అయిపోయింది. ఇక వచ్చే ఏడాదే. అదీ పెడితే."

"అప్పటిదాకా నా సీటు ఉంచరు మేడమ్."

"తెలుసు. క్లాసుంటేనే నాకూ జీతం. నాకూ ఇదే ఆఖరు."

పెట్టెలు, షెడ్డు, మళ్ళీ పెట్టెలు. అంతకుమించి మారిసోల్‌కి ఏమీ కనిపించలేదు.

"ఆ పెద్దావిడకి నాటకమంటే అస్సలు పడదు" అంది మేడమ్. "ఒకరు తగ్గినప్పుడల్లా తనే చేరి క్లాసు నిలబెట్టేది. ఈసారి ఎవరో కొత్తమ్మాయి చేరిందని మానేసింది."

ఆ అమ్మాయి ఎవరో చెప్పాలని మారిసోల్ నోరు తెరిచింది.

అంతలో కారు ముందు సీట్లోంచి ఎడ్నా మామ్మ తల బయటపెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లెక్క తప్పాను తల్లీ. క్షమించు."

"నీ తప్పేం లేదు, ఊరుకో అమ్మా" అంటూ హాలరన్ మేడమ్ తన కన్నతల్లికి సీటు బెల్టు పెట్టింది.