బండల సందు

ఆ ఏడు ఇప్పపూలు విరగబూశాయి. బొర్రన్న, ఇప్పమ్మ అనే ఎలుగుబంట్లు, అన్నాచెల్లెళ్లు, వేసవంతా వాటిని మేసి ధాన్యం బస్తాల్లా తయారయ్యారు. తీరా మబ్బులు పట్టేసరికి, గుహలోకి దారైన బండల సందులో ఇద్దరికీ పొట్టలు అడ్డొచ్చాయి. వానల్లో తల దాచుకునేదెలా?

"తిండి తగ్గించి రాళ్లెత్తుదాం చెల్లీ! పొట్ట కరగకేం చేస్తుంది?" అన్నాడు బొర్రన్న.

రోజూ ఇద్దరూ వాగులోని రాళ్లెత్తి గట్టున పేర్చసాగారు. కొమ్మ మీది కోతి పకపకా నవ్వింది. "ఓసి ఇప్పమ్మా! ఆడదానివి, బండలెత్తితే నీ మెడ దున్నపోతు మెడైపోతుందే!"

"అయితే అవనీ! వానకి నీలా తడవమంటావా?" అంది ఇప్పమ్మ.

మెడ మెడలాగే ఉంది. బొర్రన్న పొట్ట మాత్రం చూస్తుండగానే తగ్గింది. ఒకనాడు సందులోంచి సర్రున దూరి లోపల గంతులేశాడు. ఇప్పమ్మ వాళ్లన్న నడుము చూసి, తన నడుము చూసుకుంది. "ఇది నావల్ల కాదులే" అని సందు దగ్గరికైనా పోకుండా బయటే కూలబడింది.

అంతలో తొలివాన దబదబా కురిసింది. గుహలో బండ జారి బొర్రన్న కాలి మీద పడింది.

"చెల్లీ!"

ఇప్పమ్మ ఒక్క ఉరుకున వెళ్లి, బండనెత్తి అవతల పారేసింది. బొర్రన్న కాలి నొప్పే మరిచిపోయాడు.

"ఒసేయ్, నువ్వు లోపలికెట్టా వచ్చావే?"

ఇప్పమ్మ వెనక్కి చూసింది. సందుకి రెండువైపులా తన నల్లబొచ్చు అంటుకుని ఉంది.

"అన్నా! ఇన్నాళ్లూ నీ నడుముతో కొలుచుకున్నానే గానీ, సందుతో కొలుచుకోలేదు!" అంటూ చిందులేసింది.

బయట తడిసి ముద్దయిన కోతి తొంగిచూసింది.

"లోపల కాస్త చోటుందా, అక్కా?"