కటానియా నంబరు కారు

"ఈ కారు ఇవాళే మా యార్డుకి లాక్కెళ్తున్నాను," అంటూ రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ స్పీరు వంటగదిలో కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

గుమ్మం ముందున్న ఆ ఎర్ర కారంటే ఇంటాయన విస్టిన్‌కి పంచప్రాణాలు. సొమ్ము తనది, కాగితాల్లో పేరు మాత్రం పెళ్ళాం రొసాల్బాది. ఆవిడ పుట్టిల్లు ఇటలీలోని సిసిలీలో కొని, అక్కడి కటానియా ఊరి నంబరుతోనే ఓడ ఎక్కించి మాల్టా దీవికి తెచ్చుకున్నాడు. ఆ తొంభైల కాలంలో పరాయి దేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మాల్టాలో అలాంటి కారు కొన్నాళ్ళు తిప్పుకోవచ్చు, తమ దేశపు లైసెన్సుతోనే. ఇక్కడ కాపురం ఉన్నవాళ్ళు తిప్పకూడదు. ఇక్కడి నంబరు వేయించాలంటే పన్ను కట్టేసరికి నడ్డి విరుగుతుంది.

"అదేంటి సార్! కారు ఈవిడది. సిసిలీ నుంచి నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చింది. నేను స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు!"

స్పీరు పొయ్యి దగ్గరున్న రొసాల్బాని ఎగాదిగా చూశాడు.

"నాలుగు రోజులకి వచ్చిన మనిషి కుందేలు కూర వండుతోందేం?"

"చెయ్యి మంచిదని నేనే బతిమాలాను సార్."

"మిద్దె మీద ఆరేసిన గౌన్లు?"

"ప్రయాణంలో మాసినవి."

"పదకొండున్నాయి. ఓడలో వచ్చిందా, బురదలో దొర్లుకుంటూ వచ్చిందా?"

స్పీరు వదిలే రకం కాదు.

"తలుపు పక్కన పలక మీద ఇంటికి 'రొసవిస్' అని పేరు పెట్టావు. మొగుడూపెళ్ళాలు తమ పేర్లు కలిపి ఇంటికి పెట్టుకోవడం ఊరంతా ఉన్నదే. చుట్టాల పేరు కలిపి పెట్టుకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా!"

అడ్డంగా దొరికిపోయాడు. ఆవిడ పెళ్ళామని తేలితే ఇక్కడి మనిషే అవుతుంది, కారు కాస్తా పోతుంది. అంతలో విస్టిన్ బుర్రలో దీపం వెలిగింది.

"మీ దగ్గర దాపరికం దేనికి సార్. చర్చిలో పెళ్ళయిన మాట నిజమే. కానీ అది పేరుకే! మా అమ్మ పోరు పడలేక తల వంచాను. ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదు. ఏడాదికోసారి చుట్టంలా వచ్చి, పైగదిలో పడుకుని పోతుంది. అంతే!"

రొసాల్బా చేతిలో గరిటె ఆగింది. ఏడేళ్ళ కాపురాన్ని ఒక్క ముక్కలో తుడిచేసిన మొగుణ్ణి ఒకసారి చూసింది. ఆ తర్వాత మళ్ళీ కూర కలుపుకుంది.

"నిజమేనామ్మా?" అన్నాడు స్పీరు.

"విస్టిన్ గారు చెప్పింది అక్షరాలా నిజం."

స్పీరుకి అనుమానం ఇంకా పెరిగింది. ఈ మాట తను అని ఉంటే, తన భార్య ఆ కూరగిన్నె తన నెత్తినే బోర్లించేది. ఈవిడేంటి ఇంత నిమ్మళంగా ఉంది?

"నోటిమాట చెల్లదు. రాసి సంతకం పెట్టు."

విస్టిన్ ఎగిరి గంతేసి కాగితం తెచ్చాడు. కాపురం చెయ్యలేదని, కారు పూర్తిగా ఆవిడదేనని, దాని మీద తనకి ఏ హక్కూ లేదని గబగబా రాశాడు.

"'ఈ పెళ్ళి నా ఇష్టం లేకుండా చేశారు' అని కూడా రాయండి, గట్టిగా ఉంటుంది," అంది రొసాల్బా. "అలాగే ఇంకో ప్రతి."

"మీకెందుకమ్మా ఇంకోటి?" స్పీరు కళ్ళు చిన్నవి చేశాడు.

"రేపు ఇంకో ఇన్‌స్పెక్టర్ వస్తే ఏం చూపించను సార్?"

నిజమే కదా అనిపించింది. రెండింటి మీదా సాక్షి సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఒకటి జేబులో పెట్టుకుని స్పీరు వెళ్ళిపోయాడు. అనుమానం మాత్రం తీరలేదు.

అతను సందు మలుపు తిరగ్గానే విస్టిన్ చిందులేశాడు. "కారు దక్కిందే! నీ నోరు బంగారం కానూ! ఏం చెప్పావే!"

రొసాల్బా పొయ్యి కట్టేసింది. తాళాలు తీసుకుని, వెళ్ళి కారులో కూర్చుని ఇంజను స్టార్ట్ చేసింది. విస్టిన్ వెనకాలే పరిగెత్తాడు.

"కూర వదిలేసి ఎక్కడికే?"

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"చర్చి కోర్టుకి. విడాకులన్నవే లేని ఈ దీవిలో, అసలు పెళ్ళే చెల్లదని తేల్చడానికి ఏదైనా ఆధారం తెమ్మని అక్కడివాళ్ళు మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు విస్టిన్ గారూ!"