పదింటికి మోగిన నాలుగు

"రేపొక్క పూట సెలవియ్యండి సార్. మా స్రవంతికి పదకొండింటికి పెద్దాపరేషన్."

దుర్గాబాయి ఓనర్ గది గడప దగ్గరే నిలబడి అడిగింది. లోపలికి రాలేదు. గోడ మీది సైరన్ పెట్టె విప్పుకుని కూర్చున్న మెకానిక్ వీరేందర్‌ను చూసి కొంగు భుజం నిండా కప్పుకుంది.

భాస్కర్ సార్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"ఆపరేషన్ డాక్టర్ చేస్తడా, నువ్వు చేస్తవా?"

"పోయినసారి కాన్పుల పిల్ల దక్కలే సార్. మస్తు భయపడ్తాంది. అమ్మ రాంది లోపలికి పోనని ఒకటే ఏడుపు. నాకున్నది అదొక్కతే."

"రేపు ఆర్డర్ పోవాలె. సాయంత్రం సైరన్ మోగినంక పో. ఎవరొద్దన్నరు?"

దూలపల్లిలోని ఆ ప్లాస్టిక్ మూతల కంపెనీలో టైమంటే సైరనే. మొదట్లో ఆడవాళ్లు ఎవరి గడియారం వాళ్లు చూపించి సార్‌తో వాదించేవారు. ఆయనకు విసుగొచ్చింది. 'సైరన్ చెప్పిందే టైము' అని బోర్డు రాయించి గేటుకు తగిలించాడు. పొద్దున ఎనిమిదికి పొట్టి సైరన్ మోగాక వచ్చినవాళ్లకు గేటు తెరవరు. సాయంత్రం నాలుగింటికి పొడుగు సైరన్ మోగేదాకా ఎవరినీ బయటికి వదలరు. వాచ్‌మన్ గాలయ్యకు అంతకు మించి ఆలోచించే పని లేదు.

దుర్గాబాయి గోడకు చెప్పుకున్నా ఒకటే అనుకుంది. మూతల అంచులు గీకి గీకి పుళ్లు పడిన వేళ్లతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. వీరేందర్ సైరన్ పెట్టెలోని గడియారానికి కొత్త బ్యాటరీ వేశాడు. ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, పెట్టె మూసి, స్క్రూలు బిగించాడు.

తెల్లారి ఎనిమిదికి సైరన్ బుద్ధిగా మోగింది. దుర్గాబాయి వచ్చింది. రాక ఏం చేస్తుంది? చెప్పకుండా మానేస్తే మళ్లీ ఆ గేటు తెరుచుకోదు. చేతులు మూతల మీద ఉన్నాయి, ప్రాణం మేడ్చల్ దవాఖానలో ఉంది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే కాళ్లు పీకడం మొదలైంది.

పదింటికి పొడుగు సైరన్ మోగింది.

షెడ్డంతా బిత్తరపోయింది.

"ఏందే, అప్పుడే నాలుగైందా?" అన్నదొక ఆమె.

"బోర్డు మీద ఏం రాసిన్రు? సైరన్ చెప్పిందే టైము," అని జయమ్మ టిఫిన్ డబ్బా అందుకుంది. "లేవుండ్రి, జల్దీ!"

గాలయ్య గేటు బార్లా తెరిచాడు. అందరూ నవ్వుకుంటూ డబ్బాలు పట్టుకుని బయటపడ్డారు. దుర్గాబాయి డబ్బా అక్కడే మరిచిపోయింది. ఆ నొప్పుల కాళ్లతోనే మెయిన్ రోడ్డు దాకా ఉరికింది.

భాస్కర్ సార్ బ్యాంకు నుంచి వచ్చేసరికి షెడ్డులో ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. మండిపడి వీరేందర్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాక ఎత్తి, "వస్త సార్" అని పెట్టేశాడు. వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మాసిన గడ్డం, ఎర్రటి కళ్లు, నలిగిన చొక్కా.

"రాత్రంత తాగినవారా?"

"నిద్ర లేదు సార్."

"ఏడాది నుంచి మంచిగ మోగింది. నిన్న నువ్వు చెయ్యి పెట్టినవ్. ఇయ్యాల నా కొంప ముంచినవ్. ఏమైంది దానికి?"

వీరేందర్ పెట్టె విప్పాడు. మాట్లాడడానికి కూడా ఓపిక లేనట్టున్నాడు.

"లోపలి గడియారం చిప్పు పదిని ఒక్కతీరుగ దాయదు సార్. ఒకటి ఒక గదిల, సున్నా ఇంకో గదిల పెడ్తది. దాన్ని మన లెక్కకు మార్చే లైను ప్రోగ్రాంల ఒకటుంటది. ఆ లైను లేకుంటె, ముందున్న ఒకటిని పది అనుకోదు. పదహారు అనుకుంటది."

"పది పదహారెట్లయితదిరా?"

"తొమ్మిది దాక తేడా రాదు సార్. పదికాడ కొడ్తది. పదహారు గంటలంటె సాయంత్రం నాలుగు. గందుకే పొడుగు సైరన్ మోగింది. నిన్న ఎక్కించేటప్పుడు ఆ లైను పోయింది."

"లైను పోయిందట! ఆర్డర్ పోయింది నాది. చదువుకున్న గాడిదవు, పదికీ పదహారుకూ తేడా తెల్వదా నీకు?"

సార్ నోటికొచ్చినట్టు తిట్టాడు. వీరేందర్ తల వంచుకుని అన్నీ పడ్డాడు. కొట్టినా పడేలాగే ఉన్నాడు. ఆ లైను రాసి, గడియారాన్ని పదికి తిప్పి చూపించాడు. మోగలేదు. పదహారుకు తిప్పాడు. మోగింది. గాలయ్య అలవాటు కొద్దీ మళ్లీ గేటు తెరిచాడు.

"మూసెయ్!" అని అరిచాడు సార్.

ఆ సాయంత్రం మేడ్చల్ దవాఖానలో స్రవంతి మత్తుగా పడుకుని ఉంది. దుర్గాబాయి ఒళ్లో మనవరాలు గుప్పిళ్లు బిగించుకుని నిద్రపోతోంది. పక్క మంచం బుచ్చమ్మకు దుర్గాబాయి ఎన్నోసారో ఆ సంగతే చెబుతోంది.

"నేను ఉరికొచ్చేసరికి తలుపు పట్టుకుని నిలబడ్డదమ్మా నా బిడ్డ. డాక్టరమ్మ ఎంత చెప్పినా కదల్తలేదట. నన్ను చూసినంకనే లోపలికి పోయింది. ఎన్నడన్న పదింటికి నాలుగు కొడ్తదా సైరను? మైసమ్మ తల్లే మోగించింది."

మంచం పక్కన ఉత్త నేల మీద పడుకున్న అల్లుడు వీరేందర్, నిన్న సాయంత్రం తను కావాలనే తీసేసిన ఆ ఒక్క లైను సంగతి అత్తమ్మకు చెబుదామా వద్దా అనుకుంటూనే నిద్రలోకి జారిపోయాడు.