పిట్టగోడ మీద తడి చీర

"ఎవరే అది? కండ్లు కనపడ్లా? మా సండిగెల మీద నీళ్ళు కారతాండాయి!"

కోడలు మిద్దె మీద ఆరబెట్టిన సండిగెలు, అదే వడియాలు, తడుస్తున్నాయని వినగానే పంకజాక్షమ్మ మోకాళ్ళు పట్టుకుని మిద్దెక్కి మరీ అరిచింది.

పక్కింట్లో కొత్తగా బాడుగకు దిగిన సిద్దక్క పిట్టగోడ మీద తాపీగా తడి చీర ఆరేస్తోంది.

"గోడ నీదొక్కదానిదేనా?" అంది.

అంతే. ఎండ నడినెత్తికి వచ్చేదాకా యుద్ధమే.

నిజానికి పంకజాక్షమ్మ ఇల్లు కదిలే మనిషి కాదు. ముందు బట్టలంగడి, వెనక చీకటి గది, అందులో ఆమె. ఆ మధ్య కాలు బెణికితే రక్తపరీక్ష చేయించిన డాక్టరు తల పట్టుకున్నాడు.

"బళ్ళారిలో ఉండి ఒంటికి ఎండ చాల్లేదంటే ఏం చెప్పాలమ్మా? విటమిన్ డి అడుగంటింది, ఎముకలు గుల్లబారినాయి. మాత్రలు మింగు, ఎండకు కూర్చో. జారి పడితే తుంటి విరుగుతాది."

మాత్రలు వేడి చేస్తాయని మానేసింది. ఎండకు రమ్మని కొడుకు కేశవమూర్తి రోజూ బతిమాలేవాడు. ఆ బతిమాలాట పక్కింటిదాకా వినిపించేది. ఆమె కదిలితేనా!

ఇప్పుడు మాత్రం పొద్దెక్కేసరికి మిద్దె మీదే.

"ఒకటే చీర ఉండాదా నీకు? దినామూ అదే పిండుకోని వస్తావు!"

"నీకెందుకు? నీ సండిగెలు నువ్వు కాసుకో."

కాసుకుంది. కాకులనూ సిద్దక్కనూ కలిపి తిడుతూ, పీట వేసుకుని ఎండాకాలమంతా ఎండలోనే కాసుకుంది.

బజారంతా వినిపించే అమ్మ నోటికి కేశవమూర్తి తల కొట్టేసినట్టయింది. పక్కింటి యజమానురాలు లక్ష్మక్క దగ్గరకు పోయాడు.

"ఆమెను ఖాళీ చేయించక్కా. లేదంటే మనకూ మనకూ చెడతాది."

సిద్దక్క మూటాముల్లె సర్దుకుంది. పోయేముందు పిట్టగోడ దగ్గర నిలబడింది.

"నేను పోయినా మిద్దెక్కుతావా, ముసల్దానా?"

"నువ్వు పోతే నాకేం పని ఈడ? పీడ వదిలింది!"

సిద్దక్క ముఖం చిన్నబోయింది. పంకజాక్షమ్మకు అదొక గెలుపనిపించింది.

మళ్ళీ చీకటి గది. దసరా దాటాక ఒకరోజు గడప తగిలి పడింది. గట్టిగా పడిందేం కాదు. తుంటి మాత్రం విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు పాత కాగితాలు చూసి కసిరాడు.

"ఎండాకాలం మళ్ళీ చేసిన పరీక్షలో విటమిన్ డి బాగా పెరిగిందే! అప్పుడేం చేస్తాంటివమ్మా? ఎందుకు మానేసినావు?"

పంకజాక్షమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.

సాయంత్రం లక్ష్మక్క చూడటానికి వచ్చింది.

"సిద్దక్క ఇప్పుడే ఫోన్ చేసింది పంకజమ్మా. నువ్వు మిద్దెక్కుతాండావా లేదా అని అడిగింది. పడిందని చెప్తే ఏడ్చింది."

"నా కోసం దానికేం ఏడుపు?"

లక్ష్మక్క ఆమె చేయి పట్టుకుంది.

"వాళ్ళమ్మ తుంటి విరిగే పోయినాదంట. ఎంత బతిమాలినా ఎండకు రాలేదంట. అందుకే నిన్ను బతిమాల్లేదు, ఉతికిన చీరనే మళ్ళీ మళ్ళీ తడిపి నీతో తిట్టించుకున్నానని చెప్పింది."