మేక మేసిన ముప్పావు

తుల్సీబాయి మేక ఆ పొద్దున పాఠంలో పడింది.

సకల జనుల సమ్మెతో బళ్లన్నీ మూతపడ్డ రోజులవి. తొర్రూరు దగ్గరి ఆ తండాలో తుల్సీబాయి మనవరాలు శిరీష పదో తరగతి. లెక్కలు తప్పితే మిరప తోటల్లోకి కూలికి పంపుతానని తండ్రి తేల్చి చెప్పేశాడు.

అప్పుడు ఎక్కడి నుంచో వచ్చాడు సారయ్య అనే ముసలాయన. ఇంత రొట్టె పెడితే లెక్కలు చెబుతానన్నాడు. ఆయన కుడి చెయ్యి పైకి లేవదు. రాతా గీతా అంతా ఎడమ చేత్తోనే.

పుస్తకాలేం లేవు. మేక, తాడు, పిడికెడు బూడిద, అంతే. మేకను గుడిసె మూలకు కట్టి, అది తిరిగేంత మేరా బూడిదతో గీత గీశాడు.

"తాడు ఏడు మూరలు. గోడలు అంతకన్న పొడుగు. మేక ఎంత జాగ మేస్తది బిడ్డా?"

"చుట్టూత మేస్తది సార్."

"గుడిసెల గడ్డి మొలిచిందా?"

శిరీష నవ్వింది. "లే సార్. పావు వంతు గుడిసెకే పోతది. ముప్పావు గుండ్రమే మేకది."

"గా ముప్పావు ఎంతనో చెప్పు."

ఆమె నోరు తెరిచేలోపే మోటారు సైకిళ్లు వచ్చి ఆగాయి.

ముందు దిగినవాడు ఎల్లస్వామి. ఆ చుట్టుపక్కల సమ్మె నడిపించేది అతనే. చేతిలో జెండా కర్ర.

"బళ్లన్ని బంద్ పెట్టి మేం లాఠీ దెబ్బలు తింటుంటే, నువ్వు తండల దొంగ బడి నడుపుతున్నవా?"

"నాకు నౌకరే లేదు నాయినా. సమ్మె ఎట్ల చెయ్యాలె?"

"నౌకరి లేనోడు గింత సాఫ్‌గ చెప్తడా? ఎవరు పంపిన్రు నిన్ను?"

కర్ర వీపు మీద విరిగింది. ఇంకొకడు డొక్కలో తన్నాడు. సారయ్య బూడిద గీత మీద బోర్లా పడ్డాడు. మేక బెదిరి తాడు తెంచుకుంది.

"కొట్టకున్రి, సస్తడు," అని అడ్డం పడిన తుల్సీబాయిని జుట్టు పట్టి పక్కకు ఈడ్చేశారు.

"ఏ చేత్తో గీసినవు?"

సారయ్య ఎడమ అరచేతి నిండా బూడిద ఉంది.

ఆ చేతిని రాయి మీద పెట్టించి ఎల్లస్వామి బూటు కాలితో తొక్కాడు. మణికట్టు పుటుక్కుమంది. ముసలాయన నోట్లోంచి రక్తం గడ్డి మీద పడింది.

"జై తెలంగాణ అను."

"జై తెలంగాణ," అన్నాడు సారయ్య, వెంటనే.

"భయానికి అంటుండు," అని నవ్వారు.

అన్నాక ఆయన సోలిపోయాడు. చస్తే కేసవుతుందని ఎల్లస్వామే ఆటో తెప్పించి దవాఖానకు తెచ్చాడు. శిరీష వెంట వచ్చింది.

చేతులు ఎత్తమంటే రెండూ లేవలేదు. డాక్టరు రెండింటికీ, భుజాల దాకా, ఎక్స్‌రే తీయించాడు.

బల్ల మీది నుంచే సారయ్య అడిగాడు. "లెక్క తేలిందా బిడ్డా?"

"నూట పదిహేనున్నర చదరపు మూరలు సార్," అంది శిరీష, వెక్కుతూనే.

డాక్టరు ఫిల్ములను వెలుతురుకు పట్టి చూశాడు. "ఎడమ చెయ్యి ఇయ్యాల విరిగింది. మరి కుడి భుజంల గీ తుపాకి గుండు ఏంది?"

ఎల్లస్వామి కూడా తొంగి చూశాడు.

"గది పాతది సాబ్. అరవై తొమ్మిదిల జై తెలంగాణ అన్నందుకు కాల్చిన్రు. గా కేసు మీదనే నౌకరి గూడ రాలే."